ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్స్ వెనక్కి రాబట్టుకునేదెట్లా: కర్నూలు, అనంతపురం, కడప బాడుగ ఇండ్లల్లో ఉండేవాళ్లకి స్టెప్ బై స్టెప్

మే, జూన్ వస్తే చాలు, "అన్నా ఇల్లు మారుతున్నా, ఓనర్ అడ్వాన్స్ ఇచ్చేలా లేడు, ఏం చేయాల" అని ఫోన్లు మొదలైతాయి. ట్రాన్స్‌ఫర్లు, పిల్లల స్కూళ్లు, కాలేజీలు అన్నీ అప్పుడే కదా. ప్రతి ఒక్కరికీ అరగంట చెప్పేబదులు ఒకసారి కూర్చొని రాద్దామని ఇది. నేను అనంతపురంలో రెండు ఇండ్లు, కర్నూలులో ఒకటి, కడపలో ఒకటి మారినా. మొదటి ఇంట్లో అడ్వాన్స్‌లో సగం పోగొట్టుకున్నా, ఆఖరి ఇంట్లో కరెంటు బిల్లు తప్ప ఒక్క రూపాయి కట్ కాలేదు. రెంటికీ తేడా ఓనర్ మంచోడా చెడ్డోడా అన్నది కాదు, సామాన్లు ఎక్కించకముందు లెక్క తేల్చుకున్నానా, ఎక్కించినాక తేల్చుకుందామనుకున్నానా అన్నదే.

ఇక్కడ అడ్వాన్స్ అంటే నెల బాడుగ ఇండ్లకి ముందు కట్టే రెండు మూడు నెలల డబ్బు. లీజు ఇండ్ల సంగతి చివర్లో వేరేగా చెప్తా.

1. పాత కాయితాలు బయటికి తీయండి

ఖాళీ చేయాలనుకున్న రోజే అగ్రిమెంట్ వెతకండి. మన దగ్గర చాలా ఇండ్లకి 100 రూపాయల స్టాంపు పేపర్ మీద 11 నెలలకి రాస్తారు, ఆ 11 నెలలు అయిపోయినాక మళ్లీ ఎవురూ రాయరు, నాలుగేండ్లు అట్లే గడిచిపోతాది. భయపడాల్సిన పని లేదు, ఓనర్ బాడుగ తీసుకుంటా ఉన్నాడంటే మీరు నెలనెలా కిరాయిదారుగా కొనసాగుతున్నట్టే.

అందులో మూడు లైన్లు చదవండి: అడ్వాన్స్ ఎంత, నోటీసు ఎన్ని రోజులు, పెయింటింగ్ గురించి ఏమన్నా రాసినారా. మిగతాది ఎవురూ చదవరు, ఓనర్ కూడా చదివి ఉండడు.

అగ్రిమెంటే లేకపోతే ఇవి సేకరించండి:

- అడ్వాన్స్ ఇచ్చిన రోజు ఫోన్‌పే, గూగుల్ పే హిస్టరీ లేదా బ్యాంకు స్టేట్‌మెంట్
- నెలనెలా బాడుగ పంపిన రికార్డు
- ఇంట్లోకి దిగిన రోజు తీసిన ఫొటోలు (సామాన్లు లేకుండా ఉన్నవి ఒక్కటి దొరికినా బంగారమే)
- ఓనర్‌తో పాత వాట్సాప్ మెసేజ్‌లు, ముఖ్యంగా రిపేర్లు చెప్పినవి

క్యాష్ ఇచ్చి రసీదు తీసుకోలేదా? అయితే ఇప్పుడే, సంబంధం బాగున్నప్పుడే, మామూలుగా ఒక మెసేజ్ పెట్టండి. "అన్నా, మేము దిగినప్పుడు ఇచ్చింది 27,000 కదా, లెక్క రాసుకుంటున్నా". ఆయన "అవును" అన్నాడంటే మీకు రసీదు వచ్చినట్టే. ఖాళీ చేస్తున్నామని చెప్పినాక అడిగితే ఆ "అవును" రాదు.

మధ్యలో ఇల్లు అమ్ముడుపోయి ఓనర్ మారి ఉంటే ఇంకో పని ఉంది. పాతాయన "అడ్వాన్స్ కొత్తాయనకి ఇచ్చేసినా" అంటాడు, కొత్తాయన "నాకెవురూ ఇవ్వలేదు" అంటాడు. ఇద్దరితో మాట్లాడి కొత్త ఓనర్‌తో "మీ అడ్వాన్స్ ఇంత నా దగ్గర ఉంది" అని ఒక లైన్ రాయించుకోండి.

2. తేదీ చూసుకోండి, శూన్యమాసంలో ఇరుక్కోవద్దు

ఇది ఎవురూ చెప్పరు, కానీ మన ఊర్లల్లో అడ్వాన్స్ ఆలస్యం కావడానికి సగం కారణం ఇదే. చాలామంది ఓనర్లు మీ అడ్వాన్స్‌ని ఎప్పుడో ఖర్చు పెట్టేసి ఉంటారు, తర్వాత దిగేవాళ్లు ఇచ్చే అడ్వాన్స్‌తోనే మీకిస్తారు. ఆషాఢం, భాద్రపదం, పుష్యంలో ఎవురూ కొత్తింట్లో పాలు పొంగించరు. మీరు ఆషాఢం మొదట్లో ఖాళీ చేసినారంటే శ్రావణం దాకా టు-లెట్ బోర్డు వేలాడుతానే ఉంటాది, అన్ని రోజులూ మీరు ఫోన్ చేస్తానే ఉంటారు.

వీలైతే శూన్యమాసం పడకముందు, కొత్తవాళ్లు దిగడానికి కనీసం పదైదు రోజులు మిగిలేలా ఖాళీ చేయండి. కొత్త కిరాయిదారును మీరే చూపిస్తే ఇంకా మంచిది. ఆఫీసులో, కాలేజీలో ఇల్లు వెతుకుతున్నవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు, ఓనర్ నంబర్ ఇవ్వండి చాలు.

డబ్బు తీసుకునే రోజు కూడా చూసుకోండి. శుక్రవారం లక్ష్మిని బయటికి పంపము అంటారు, దీపం పెట్టినాక డబ్బు ఇవ్వము అంటారు, అమావాస్య అంటారు. వాదించి లాభం లేదు, నమ్మేవాళ్లు నిజంగానే నమ్ముతారు, ఎగ్గొట్టాలనుకునేవాళ్లకి అది ఒక సాకు. బుధవారమో గురువారమో పొద్దున పది గంటలకి పెట్టుకుంటే రెండు రకాలవాళ్లకీ మాట ఉండదు.

3. నోటీసు నోటితో చెప్పి, వాట్సాప్‌లో పెట్టండి

ముందు ఇంటికి పోయి మర్యాదగా చెప్పండి. నేరుగా మెసేజ్ పెడితే "ముఖం చూసి చెప్పలేడా" అని అక్కడే మనసు విరుగుతాది. అదే రోజు సాయంత్రం మెసేజ్ పెట్టండి:

"అన్నా నమస్తే. పొద్దున చెప్పినట్టు ఈ నెల 30వ తేదీకి ఇల్లు ఖాళీ చేస్తున్నాము. అడ్వాన్స్ 27,000 మీ దగ్గర ఉంది. ఈ నెల బాడుగ కట్టేసినా. 30వ తేదీ పొద్దున మీరు వచ్చి ఇల్లు చూసుకుంటే తాళాలు ఇచ్చేసి లెక్క చూసుకుందాము."

ఎన్ని రోజుల ముందు? అగ్రిమెంట్‌లో ఎంత రాసి ఉంటే అంత, ఎక్కువగా ఒక నెల ఉంటాది. ఏమీ రాసుకోకపోతే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106 సెక్షన్ ప్రకారం నెలనెలా కిరాయికి 15 రోజుల రాతపూర్వక నోటీసు. అయినా ఒక నెల ఇవ్వండి, ఆ పదైదు రోజులకి కక్కుర్తి పడితే "చెప్పకుండా పోతున్నారు, ఒక నెల బాడుగ కట్" అనే మాటకి మీరే దారి ఇచ్చినట్టు.

మామూలుగా చేసే తప్పు ఇక్కడే ఒకటుంది. చివరి రెండు నెలలు బాడుగ ఆపేసి "అడ్వాన్స్‌లో పట్టుకో అన్నా" అనడం. చెప్పకుండా ఇట్ల చేస్తే గొడవే, అగ్రిమెంట్ తప్పింది మీరే అయితారు. కానీ ఓనర్ గురించి వీధిలో మంచి పేరు లేకపోతే, ముందున్నవాళ్లకి కూడా ఇవ్వలేదని మీకు తెలిస్తే, ఒక నెల ముందే "ఆఖరి నెల బాడుగ అడ్వాన్స్‌లో సర్దుకుందామా అన్నా" అని అడిగి ఆయన సరే అన్న మెసేజ్ దాచుకోండి. నా మటుకు నాకు ఇది తప్పుగా అనిపించదు, అడిగి చేస్తున్నాం కదా.

4. ఇరవై రోజుల ముందే ఓనర్‌కి ఇల్లు చూపించండి

చాలామంది ఖాళీ చేసే రోజే చూపిస్తారు. ఆరోజు బయట బండి నిలబడి ఉంటాది, హమాలీలు తొందర పెడుతుంటారు, ఓనర్ ప్రతి గోడా చూసి లెక్క పెంచుతుంటాడు, మీరు "ఏదో ఒకటి కట్ చేసుకోండి సార్" అని వదిలేస్తారు. ఓనర్లకి ఇది బాగా తెలుసు.

ముందే పిలిచి టీ ఇచ్చి, గది గది తిరిగి, "ఏమేం సరి చేయాలో చెప్పండి, మేమే చేయిస్తాము" అనండి. ఆయన చెప్పినవి నోట్ చేసుకుని అదే రోజు వాట్సాప్‌లో పంపండి: "అన్నా మీరు చెప్పినవి నాలుగు, వంటింటి ట్యాప్, బాత్రూం తలుపు గొళ్లెం, హాల్లో మేకుల రంధ్రాలు, వెనక మెష్. ఇవి చేయిస్తున్నా." ఇక కొత్తగా ఐదోది రావడం కష్టం.

ఓనర్ చేత చేయించుకుంటే బల్బు హోల్డర్‌కి కూడా 500 బిల్లు వస్తాది, మీరు చేయించుకుంటే అసలు ఖర్చే అయితాది.

5. ఏది మీ ఖర్చు, ఏది కాదు

చట్టం మాట సులభం. అదే ఆస్తి బదిలీ చట్టం 108 సెక్షన్‌లో, ఇల్లు తీసుకున్నప్పుడు ఎట్లుందో అట్లే అప్పగించాలి, కానీ మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకి కిరాయిదారు బాధ్యుడు కాడు అని ఉంది.

మన ఇండ్లల్లో అంటే: ఎండకి గోడ రంగు వెలిసిపోవడం, పైకప్పు నెమ్ము, పాతబడిన బోరు మోటరు కాలిపోవడం, ఉప్పు నీళ్లకి పైపులు పూడిపోవడం, ఇవన్నీ ఓనర్‌వి. పిల్లలు గోడ మీద గీసిన బొమ్మలు, కూలర్ పెట్టడానికి కోసిన కిటికీ మెష్, పగిలిన వాష్ బేసిన్, ఏసీ కోసం గోడకి పెట్టిన రంధ్రం, ఇవి మీవి. మీరు రిపేరు చెప్పినా ఓనర్ చేయించకపోవడంతో పెద్దదైన నష్టం కూడా ఓనర్‌దే, అందుకే రిపేర్ల గురించిన పాత మెసేజ్‌లు దాచుకోమన్నా.

6. క్లీనింగ్, దయచేసి యాసిడ్ జోలికి పోవద్దు

ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తా, నేను డబ్బు పోగొట్టుకుంది ఈ పనిలోనే.

అనంతపురం మొదటి ఇంట్లో కింద అంతా నాపరాళ్లు, మనవైపు చాలా పాత ఇండ్లకి బేతంచెర్ల బండలో, కడప బండలో పరిచి ఉంటారు కదా. ఖాళీ చేసే ముందురోజు తళతళ మెరిపిద్దామని బాత్రూం యాసిడ్ నీళ్లల్లో కలిపి వంటిల్లంతా పోసినా. బుసబుసమని నురగ వచ్చింది, నేనేమో మురికి పోతుంది అనుకున్నా. ఆరినాక చూస్తే నల్లబండ మీద తెల్లగా గరుకుగా మచ్చలు. ఆ బండ సున్నపురాయి జాతిది, యాసిడ్ పడితే రాయే కరుగుతాది. పాలిష్ పట్టించాలని 6,000 కట్ చేసినారు. కోపం వచ్చింది కానీ ఆయన తప్పేం లేదు.

బండలకి గోరువెచ్చని నీళ్లు, గిన్నెల సబ్బు, కొబ్బరి పీచు చాలు. నిమ్మకాయ, వెనిగర్ కూడా బండల మీద, మార్బుల్ మీద పోయొద్దు.

నిమ్మకాయ పనికొచ్చేది ట్యాపులకి. బోరు నీళ్లకి స్టీలు ట్యాపుల మీద తెల్లగా ఉప్పు పేరుకుంటాది కదా, నిమ్మచెక్క రుద్ది పది నిమిషాలు వదిలి, పాత బ్రష్‌తో తోమి కడిగేయండి. కింద బండ మీద పడకుండా ఒక గుడ్డ పరచండి.

బాత్రూం టైల్స్‌కి యాసిడ్ వాడక తప్పదు అనుకుంటే బాగా పలచగా, కిటికీ తెరిచి, చేతులకి గ్లౌజులు వేసుకొని చేయండి. యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ రెండూ మాత్రం కలపొద్దు, ఒకదాని తర్వాత ఒకటి కూడా పోయొద్దు. విషపు గ్యాస్ వస్తాది, ఊపిరాడదు.

వంటింటి జిడ్డుకి సోడా ఉప్పు, సబ్బు కలిపిన వేడినీళ్లు. దేవుని గది గోడ మీద దీపం మసి, కుంకుమ మరకలు ఉంటాయి, వాటిని తడిగుడ్డతో రుద్దితే ఇంకా పాకుతాయి. ముందు పొడిగుడ్డతో దులిపి తర్వాత కొంచెం సబ్బునీళ్లు వాడండి.

మేకుల రంధ్రాలకి వాల్ పుట్టీ ఒక కిలో ప్యాకెట్ తెచ్చుకోండి. మేకు తీసి, పుట్టీ ముద్దలా కలిపి నింపి, ఒక రోజు ఆరనిచ్చి, సాండ్ పేపర్‌తో నున్నగా రుద్దండి. అంతవరకే. పాత రంగు డబ్బా మీ దగ్గర ఉంటే తప్ప పైన రంగు వేయొద్దు, షేడ్ కలవక గోడంతా మచ్చలు మచ్చలుగా కనపడి ఉన్న పని కూడా పాడయితాది.

7. పెయింటింగ్ పంచాయితీ

"ఎవురు పోయినా ఒక నెల బాడుగ పెయింటింగ్‌కి పట్టుకుంటాం, ఇది మా పద్ధతి." ఈ మాట వినని కిరాయిదారు మన మూడు జిల్లాల్లో ఉండడు అనుకుంటా.

అగ్రిమెంట్‌లో రాసి మీరు సంతకం పెట్టి ఉంటే ఇవ్వాల్సిందే, బేరం ఆడొచ్చు అంతే. రాయకపోతే ఇవ్వాలనే రూలేం లేదు. కానీ "నేనివ్వను" అని తెగేసి చెప్తే లెక్క మొత్తం ఆగిపోతాది. ఇట్ల మాట్లాడండి:

- మేము దిగినప్పుడు పెయింట్ కొత్తదా? కాకపోతే ఆ ఫొటో చూపించండి.
- ఎన్నేండ్లు ఉన్నాము? మూడు నాలుగేండ్లు ఉంటే రంగు ఎట్లయినా మళ్లీ వేయాల్సిందే, అది ఓనర్ ఖర్చు.
- ఆర్నెల్లే ఉండి గోడలు నిజంగా పాడుచేసి ఉంటే ఆ గది వరకు లెక్క కట్టండి, ఇల్లంతా కాదు.
- పెయింటర్‌ని మీరే పిలిచి కొటేషన్ తీసుకోండి. ఒక గదికి వేసే రేటు చూసినాక "ఒక నెల బాడుగ" అన్న మాట చాలాసార్లు సగానికి వస్తాది.

సగం నెల దగ్గర తెగితే నేనైతే ఒప్పుకుంటా. ఆ నాలుగైదు వేల కోసం నాలుగు నెలలు తిరిగితే పెట్రోల్‌కే పోతాది.

8. కరెంటు లెక్క

మూడు ఊర్లకీ కరెంటు ఎస్పీడీసీఎల్ అనే ప్రభుత్వ కరెంటు కంపెనీ నుంచే. ఖాళీ చేసే రోజు మీటర్ రీడింగ్ ఫొటో తీయండి, సర్వీస్ నంబర్ కూడా కనపడాల. ఈరోజు రీడింగ్ నుంచి పోయిన బిల్లు రీడింగ్ తీసేస్తే మీ యూనిట్లు వస్తాయి.

సబ్ మీటర్ పెట్టి "యూనిట్‌కి పది రూపాయలు" అని వసూలు చేసే ఇండ్లల్లో అసలు బిల్లు చూపించమని అడగండి. 2022 టారిఫ్‌లో ఇంటి కరెంటు మొదటి 30 యూనిట్లకి 1.90 రూపాయలు, 31 నుంచి 75 దాకా 3 రూపాయలు, అట్ల పెరుగుతూ 400 దాటినదానికే 9.75. రెండు మూడు పోర్షన్లు ఒకే మీటర్ మీద ఉంటే స్లాబ్ పెరిగి మీ వంతు ఎక్కువ పడేది నిజమే, కానీ అన్ని యూనిట్లకీ పది పడడం కుదరదు.

ఇంకోటి, పాత యూనిట్ల మీద ట్రూ అప్ ఛార్జీలు (అప్పట్లో కరెంటుకి అసలు ఖర్చు ఎక్కువైందని కంపెనీ తర్వాత వేసేవి) మీరు పోయినాక వచ్చే బిల్లుల్లో పడతాయి. దాన్ని చూపించి "మూడు నెలలు ఆగు, బిల్లులు చూసి ఇస్తా" అంటారు. దానికి 200, 300 అని ఏదో ఒక అంకె అప్పుడే తేల్చి కట్ చేసుకోమనండి. 300 కోసం 20,000 ఆపడం ఏం లెక్క.

9. ఆఖరి రోజు, ఈ వరుసలోనే

సామాన్లు ముందురోజే పంపేస్తే మేలు. ఖాళీ ఇంట్లో, బండి తొందర లేకుండా మాట్లాడొచ్చు.

- ఇల్లు ఖాళీ అయినాక ప్రతి గదీ, బాత్రూం, ట్యాపులు తిప్పి నీళ్లు వస్తున్నట్టు, ఫ్యాన్లు తిరుగుతున్నట్టు ఒకే వీడియో
- మీటర్ ఫొటో
- ఓనర్‌తో కలిసి గదులు చూడడం, పాత వాట్సాప్ లిస్ట్ పక్కన పెట్టుకొని
- లెక్క కాయితం మీద రాయడం
- డబ్బు పడడం
- అప్పుడు తాళాలు

లెక్క ఇట్ల ఉండాల: అడ్వాన్స్ 27,000. కరెంటు 780, ట్యాప్ 450, పెయింటింగ్ మాట్లాడుకున్నది 4,500. మొత్తం కట్ 5,730. ఇవ్వాల్సింది 21,270. కింద తేదీ, ఇద్దరి సంతకాలు. ఫొటో తీసి వాట్సాప్‌లో కూడా పెట్టండి.

డబ్బు పూర్తిగా ఇవ్వలేకపోతే "మిగతా 10,000 ఫలానా తేదీకి ఇస్తాను" అని అదే కాయితంలో రాయించండి. "కొత్తోళ్లు వచ్చినాక" అన్న మాట రాయనివ్వొద్దు, దానికి తేదీ లేదు.

తాళాలు దగ్గర పెట్టుకొని నెలలు గడిపితే మంచిదా అని అడుగుతారు. వద్దు. ఇల్లు అప్పగించలేదు కాబట్టి ఆ నెలల బాడుగ కూడా కట్టు అంటాడు. లెక్క కాయితం మీద సంతకం పడితే తాళాలు ఇచ్చేయండి, ఇచ్చినట్టు కూడా రాయించుకోండి.

మీరు ఇచ్చిన ఖాళీ చెక్కు ఏదన్నా ఉంటే ఆరోజే వెనక్కి తీసుకోండి. గ్యాస్ బుక్కు, అడ్రస్ మార్పులు తర్వాత నిదానంగా చూసుకోవచ్చు.

10. ఓనర్ కువైట్లో ఉంటే

కడప వైపు ఇది మామూలే. ఇల్లు కువైట్లో ఉన్నాయనది, చూసుకునేది బామ్మర్ది, బాడుగ పోయేది అక్క అకౌంట్‌కి. బామ్మర్దితో ఎంత మాట్లాడినా "బావని అడిగి చెప్తా" అంటాడు. నోటీసు అసలు ఓనర్‌కే వాట్సాప్‌లో పంపి బామ్మర్దికి కూడా పంపండి. ఇల్లు చూపించే రోజు శుక్రవారం పెట్టండి, అక్కడ సెలవు, వీడియో కాల్‌కి దొరుకుతాడు. డబ్బు శుక్రవారం ఇవ్వకపోతే శనివారం వేయమనండి, ఫర్వాలేదు.

11. అయినా ఇవ్వకపోతే

తిట్టొద్దు, ఇంటి ముందు కూర్చోవద్దు, ఫోన్లో బెదిరించొద్దు, వాళ్లు రికార్డ్ చేసి మీ మీదే కంప్లయింట్ ఇస్తారు. పోలీస్ స్టేషన్‌కి పోతే "ఇది సివిల్ మ్యాటర్" అని పంపిస్తారు, ఆ మాట నిజమే కూడా.

మొదట, వీధిలో ఇద్దరికీ తెలిసిన పెద్దమనిషితో ఒక మాట చెప్పించండి. పరువు కోసమైనా సగం కేసులు ఇక్కడే తెగుతాయి.

రెండోది, ఒక పేజీ లెటర్: అడ్వాన్స్ ఎంత, ఏ తేదీ ఖాళీ చేసినారు, ఎంత రావాల, 15 రోజుల గడువు. పోస్టాఫీసులో స్పీడ్ పోస్ట్ చేసి రసీదు, డెలివరీ వివరాలు దాచుకోండి. లాయర్ నోటీసు అయితే ఇంకా గట్టిగా తగులుతాది, ఫీజు ముందే మాట్లాడుకోండి.

మూడోది, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ. కర్నూలు, అనంతపురం, కడప మూడింట్లో ఉంది. కేసు వేయకముందే ప్రీ లిటిగేషన్ అని ఒక అర్జీ ఇస్తే రెండు పార్టీలనీ పిలిచి లోక్ అదాలత్‌లో మాట్లాడిస్తారు. కోర్టు ఫీజు లేదు. రాజీ కుదిరితే ఆ అవార్డు, అంటే రాజీ ఉత్తర్వు, సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. సలహా కోసం 15100 టోల్ ఫ్రీ నంబర్ ఉంది. ఓనర్ రాజీకి రానంటే మాత్రం అక్కడ బలవంతం చేయలేరు, అప్పుడు మిగిలేది సివిల్ కోర్టులో డబ్బు వసూలు కేసు. దానికి మామూలుగా మూడేండ్ల గడువు ఉంటాది, అంతవరకు నానబెట్టొద్దు.

ఫోన్ మార్చినప్పుడు చాట్ పోగొట్టుకోవద్దు. కోర్టు దాకా పోతే స్క్రీన్‌షాట్ కంటే అసలు ఫోన్లో ఉన్న మెసేజ్‌కే బలం.

12. లీజు ఇండ్లు

మూడు లక్షలో ఐదు లక్షలో ఒకేసారి ఇచ్చి, బాడుగ లేకుండా రెండు మూడేండ్లు ఉండి, పోయేటప్పుడు మొత్తం తీసుకునే పద్ధతి. ఇక్కడ నేను చెప్పిన పెయింటింగ్, కరెంటు లెక్కలన్నీ చిల్లర, అసలు భయం ఓనర్ దగ్గర ఆ లక్షలు లేకపోవడమే. నెల ముందు కాదు, నాలుగైదు నెలల ముందు చెప్పండి. ఏడాదికి మించిన లీజు రిజిస్టర్ చేయించి ఉండాలని చట్టం, స్టాంపు పేపర్ మీద మాత్రమే ఉంటే ఇప్పుడే ఒక లాయర్‌కి చూపించండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ ఇంటి ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపించే సర్టిఫికెట్) తీసి, బ్యాంకు తాకట్టులో ఉందా, వేరేవాళ్లకి రాసినారా చూసుకోండి. ఇంత డబ్బు ఉన్నచోట తాళాలు ఒక చేత్తో, డబ్బు ఇంకో చేత్తో, అదీ బ్యాంకులో కూర్చొని.